సీటీ యాంజియో చేయించుకున్నాను, 10,450 అయింది

మాది తెనాలి. పక్క ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వయసు 53, ఆరేళ్లుగా షుగరు. ఒంటిపూట బడులు మొదలైన వారంలో విజయవాడలో ఒక స్కాన్ సెంటర్‌కి వెళ్లి సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (నరంలోకి రంగు మందు ఎక్కించి గుండె నాళాలని చూసే స్కాన్) చేయించుకున్నాను. వెళ్లేముందు, దీని గురించి మనలాంటి వాళ్లెవరైనా తెలుగులో రాశారేమోనని వెతికితే ఆసుపత్రుల ప్రకటనలే దొరికాయి. అందుకని నేనే రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం రాయను. ఇందులో మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా ఉన్నాయి.

ముందు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చెప్పాలి. మా స్కూల్లో తొమ్మిదో తరగతి మేడ మీద. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు ల్యాబ్ సామాను ట్రే పట్టుకుని మెట్లెక్కుతుంటే రొమ్ము మధ్యలో పట్టేసింది. నొప్పి అనను. తడి దుప్పటి మడతపెట్టి గుండె మీద పెట్టినట్టు బరువు. ఎడమ దవడ దాకా లాగింది. పైకి వెళ్లి రెండు నిమిషాలు నిలబడితే పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. స్టాఫ్ రూములో చెప్తే అందరిదీ ఒకటే మాట, "గ్యాస్ అండీ". మా ఆడపడుచు వాము నీళ్లు కాచి ఫ్లాస్కులో పోసి పంపింది. నెల రోజులు పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకున్నాను. మెట్లెక్కితేనే వచ్చే గ్యాస్ ఏమిటో, నిలబడితే పోయే గ్యాస్ ఏమిటో నాకూ తట్టలేదు. చెప్పుకోడానికి సైన్సు టీచర్ని.

ఆ తర్వాత ఈసీజీ తీయిస్తే నార్మల్. ఎకో నార్మల్, పంపింగ్ 62 శాతం. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆ రెండూ నేను బల్ల మీద హాయిగా పడుకుని ఉండగా తీసినవి, నా బాధేమో మెట్ల మీద. అప్పుడు టీఎంటీ అన్నారు, కదిలే బెల్టు మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష. మూడు నిమిషాలకోసారి బెల్టు వేగం, ఏటవాలు పెంచుకుంటూ పోతారు. మొదట గంటకు 1.7 మైళ్లు, 10 శాతం ఎత్తు. రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా డాక్టరు 1960ల్లో పెట్టిన లెక్క ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. నన్ను ఏడో నిమిషంలో ఆపేశారు. రిపోర్టులో 'మైల్డ్‌లీ పాజిటివ్' అని రాశారు. ఆడవాళ్లకి టీఎంటీ ఉత్తినే పాజిటివ్ చూపించడం మగవాళ్లకంటే ఎక్కువని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

అక్కడి డాక్టరుగారు రిపోర్టు చూసి, ఇవాళే అడ్మిట్ అవ్వండి, రేపు పొద్దున యాంజియో (నాళంలోంచి గుండె దాకా గొట్టం పంపి చూసేది), బ్లాకు ఉంటే అక్కడికక్కడే స్టెంటు వేసేస్తాం అన్నారు. ఆయన మాతో మాట్లాడింది నాలుగు నిమిషాలు. ప్యాకేజీల గురించి చెప్పిన అమ్మాయి మాత్రం అరగంట కూర్చోబెట్టింది. మావారి చేతిలో పెన్ను కూడా పెట్టేశారు. ఒక్క రోజు టైమివ్వమని బతిమాలి బయటపడ్డాం.

గుంటూరులో ఇంకో పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు కాగితాలు చూడలేదు. "కూర్చున్నప్పుడు వస్తోందా అమ్మా? నిద్రలో లేపుతోందా? పోయిన నెలకంటే ఇప్పుడు తక్కువ మెట్లకే వస్తోందా? చెమటలు?" అని అడిగారు. అన్నింటికీ లేదన్నాను. "అయితే తొందర లేదు. ముందు సీటీ తీయించండి. అందులో గట్టి పూడిక కనబడితే అప్పుడు చేతి నాళంలోంచి గొట్టం పంపుదాం" అన్నారు. ఇక్కడో మాట. ఆ ప్రశ్నల్లో దేనికైనా మీ జవాబు అవును అయితే ఈ రివ్యూ మీకు కాదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, ఇది తర్వాత చదువుకోవచ్చు.

ఇక సెంటర్ సంగతి. ఫోనులో 8,500 అన్నారు. నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు తెచ్చుకోండి, తొమ్మిదిన్నరకి రండి అన్నారు. సరేనని తెల్లారి అయిదింటికి తెనాలి స్టేషన్లో కాఫీ తాగి రైలెక్కాను. కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ "కాఫీ, టీ ఏమైనా తాగారా మేడమ్?" అని అడిగింది. తాగానన్నాను. "అయ్యో, నిన్నటి నుంచీ తాగకూడదండీ" అంది. మరి ఫోనులో చెప్పొద్దా? కాఫీ గుండె వేగం పెంచుతుంది, ఈ స్కాన్‌కి కావలసింది గుండె నిదానంగా కొట్టుకోవడం. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే 84. అరవై దగ్గరికి రావాలట. మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాముల బిళ్ల ఇచ్చి హాల్లో కూర్చోమన్నారు.

ఆ హాల్లో గోడకి పెద్ద టీవీ. అందులో న్యూస్ చానెల్. నలుగురు కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. గుండె వేగం తగ్గాలని బిళ్లలు వేసుకున్న ఎనిమిది మంది పేషెంట్లం ఆ అరుపులు వింటూ కూర్చున్నాం. గంట తర్వాత 72. ఇంకో సగం బిళ్ల ఇచ్చారు. అప్పుడు నేనే లేచి రిమోట్ అడిగి టీవీ కట్టేయించాను. నలభై నిమిషాలకి 61. అది బిళ్ల మహిమో టీవీ ఆపిన మహిమో చెప్పలేను. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ప్రయోగం చెల్లదని పిల్లలకి నేనే చెప్తుంటాను.

అరవై ఎందుకో చెప్తా, ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. గుండె మీద పాకే నాళాల వెడల్పు మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లు, కిందికి పోయేకొద్దీ ఇంకా సన్నం. అవి గుండెతో పాటు ఊగుతూనే ఉంటాయి. ఊగే వాటికి స్పష్టమైన ఫోటో తీయాలి. ఉయ్యాల ఊగే పిల్లకి ఫోటో తీసేటప్పుడు ఏం చేస్తాం? ఉయ్యాల చివరికి వెళ్లి ఒక్క క్షణం నిలిచినప్పుడు నొక్కుతాం. గుండెకీ అలాంటి క్షణం ఉంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య. నిమిషానికి 60 అయితే ఒక్కో దెబ్బకి ఒక సెకను. 84 అయితే 0.7 సెకను. వేగం పెరిగితే కోత పడేది ఎక్కువగా ఆ విశ్రాంతి సమయానికే. ఎక్స్‌రే గొట్టం మన చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు సెకనులో మూడో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే పని అయిపోవాలి. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించేది కూడా అందుకే, ఎప్పుడు తీయాలో మిషనుకి గుండే చెప్తుంది.

నా ముందు రేపల్లె వైపు నుంచి వచ్చిన మామ్మ. డెబ్బై దాటి ఉంటాయి. గాజు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను కాబట్టి అంతా వినబడుతోంది. మిషను లోపలినుంచి ఆడగొంతు ఇంగ్లీషులో గాలి పీల్చమంది, బిగబట్టమంది. మామ్మకి అర్థం కాలేదు. "ఏందయ్యా అంటంది?" అని గట్టిగా అడిగింది. ఆ మాటతో ఊపిరి వదిలేసింది, స్కాన్ కదిలిపోయింది. రెండోసారి టెక్నీషియన్ కుర్రాడే మైకులో "మామ్మా, గాలి లోపలికి లాగు... ఆఁ, బిగబట్టు, బిగబట్టు... ఇహ వదిలెయ్" అన్నాడు. ఈసారి అయింది. ఆమెకి మొదటిసారి వెళ్లిన రేడియేషన్ మాత్రం ఎందుకూ పనికిరాకుండా పోయినట్టే. నా వంతు వచ్చినప్పుడు అడిగాను, ఆ గొంతు తెలుగులో ఉండదా బాబూ అని. "మనమే రికార్డు చేసి పెట్టుకోవచ్చు మేడమ్. ఎవరూ చేయలేదు" అన్నాడు.

సూది విషయంలో మాత్రం ఆ కుర్రాడు తడబడ్డాడు. రంగు సెకనుకి అయిదు మిల్లీలీటర్ల జోరుతో వెళ్లాలి కాబట్టి మోచేతి మడతలో లావు సూది, ఆకుపచ్చ క్యాన్యులా పెడతారు. ఎడమ చేతికి గుచ్చితే నాళం దొరకలేదు. కుడి చేతికి రెండోసారి గుచ్చాడు. ఎడమ మోచేతి దగ్గర నేరేడు పండంత నల్లటి మచ్చ పది రోజులుంది. పెట్టాక సెలైన్ ఎక్కించి బయటికి కారడం లేదని చూసుకున్నాకే మందు ఎక్కించాడు, ఆ జాగ్రత్తకి మెచ్చుకోవాలి. నాలుక కింద నాళాలు విప్పారే మందు కొట్టారు. దానికి కాసేపట్లో తలనొప్పి వస్తుంది, ముందే చెప్పారు, వచ్చింది.

మొదట రంగు లేకుండా ఒక చిన్న స్కాన్, నాళాల్లో పేరుకున్న కాల్షియం లెక్కకి. తర్వాత అసలుది. రంగు వెళ్లగానే గొంతులో వేడి, అక్కడినుంచి కడుపులోకి, ఇంకా కిందికి. పక్క తడిపేశానేమో అనిపిస్తుంది. తడపలేదు, అందరికీ అలాగే అనిపిస్తుందట. ఊపిరి బిగబట్టింది పది సెకన్లు. అంతే. దీని కోసమా రైలు, కాఫీ, టీవీ, రెండు సూదులు అనిపించింది.

ఈ సీటీ కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎమ్ఐ అనే కంపెనీలో ఇంజనీరు. మా నాన్నగారి దగ్గర కుక్కబొమ్మ ఉన్న గ్రామఫోను రికార్డులు ఉండేవి చూశారా, వాటి వెనకున్న కంపెనీయే. 1971లో లండన్‌లో మొదటిసారి మనిషి తలకి తీశారు. 1979లో నోబెల్ ఇచ్చారు. ఇప్పటికీ సీటీలో తెలుపు నలుపుల కొలతకి ఆయన పేరే. నీళ్లు 0, గాలి మైనస్ 1000. గుండె నాళంలో 130 దాటిన మచ్చ కనబడితే దాన్ని కాల్షియంగా లెక్కేస్తారు. ఈ లెక్క 1990లో అగట్‌స్టన్ అనే డాక్టరు, ఆయన సహచరులు పెట్టారు. ఇది పదో తరగతికి చెప్పాల్సిన పాఠం, మా సిలబస్‌లో లేదు.

రిపోర్టు సాయంత్రం అయిదింటికి అన్నారు. మర్నాడు రాత్రి ఏడింటికి వాట్సాప్‌లో వచ్చింది. పేరు నాదే, వయసు నాదే, పక్కన 'మగ' అని ఉంది. టెన్షన్‌తో చేతులు వణికాయి. ఇది అసలు నా గుండేనా, ఇంకెవరిదైనానా? ఫోను చేస్తే "టైపింగ్ మిస్టేక్ మేడమ్" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. మళ్లీ వెళ్లి, ఫిల్ముల మీద ఉన్న నంబరు, రసీదు నంబరు దగ్గర పెట్టుకుని సరిచూసి, దిద్దించుకుని వచ్చాను. మీరూ రిపోర్టు చేతికి రాగానే ముందు పేరు, వయసు, ఆడో మగో చూడండి, బ్లాకుల సంగతి ఆ తర్వాత.

నా కాల్షియం స్కోరు 38. గుండె ముందు వైపు దిగే పెద్ద నాళం, ఎల్ఏడీ అంటారు, దాని మొదట్లో 30 నుంచి 40 శాతం పూడిక. కుడి నాళంలో అంచున కాస్త. కింద 'క్యాడ్-రాడ్స్ 2' అని రాశారు. ఇది సున్నా నుంచి అయిదు దాకా ఉండే మెట్ల లెక్క. సున్నా అంటే నాళాలు శుభ్రం, 2 అంటే 25 నుంచి 49 శాతం మధ్య, 4 అంటే 70 దాటింది, 5 అంటే పూర్తిగా మూసుకుపోయింది. చాలా మంది రిపోర్టులో శాతం చూసి భయపడి చస్తారు, ఈ అంకె చూసుకోవడం తేలిక.

గుంటూరు డాక్టరుగారు ఫిల్ములు చాలవు, బొమ్మలు కదిలించి చూడాలి అన్నారు. సెంటర్ వాళ్లు 200 తీసుకుని సీడీ ఇచ్చారు. ఈ రోజుల్లో సీడీ పెట్టే కంప్యూటర్ ఎవరింట్లో ఉంది? ఆయన దగ్గర పాతది ఒకటి ఉంది కాబట్టి సరిపోయింది. తెరని నా వైపు తిప్పి ఆ నాళాన్ని చూపించారు. తెల్లటి దారం, దాని గోడకి ఒకచోట బూడిదరంగు ఉబ్బు, ఉబ్బులో ఉప్పురవ్వలాంటి తెల్ల చుక్క. "ఆ తెల్లది గట్టిపడ్డ సున్నం. బూడిదరంగుది మెత్తని కొవ్వు, మనకి భయం దానితోనే. యాంజియోలో లోపలి దారి మాత్రమే కనబడుతుంది. సీటీలో గోడ కూడా కనబడుతుంది" అన్నారు. నిజం చెప్పాలంటే 10,450 రూపాయల్లో సగం విలువ ఆ రెండు నిమిషాలదే.

మరి స్టెంటు వద్దా అంటే వద్దన్నారు. రోజూ రాత్రి కొలెస్ట్రాల్ బిళ్ల, పొద్దున చిన్న ఆస్ప్రిన్, మెటోప్రొలాల్ సగం. ఇంత ఖర్చు పెట్టించి బిళ్లలేనా అని మావారి మొహం మీదే కనిపించింది. అప్పుడు ఆయన స్కాట్లాండ్ సంగతి చెప్పారు. ఇంటికొచ్చి నేను కూడా చదివాను. గుండె బరువు, ఛాతీ నొప్పి అని వచ్చిన 4,146 మందిని తీసుకుని, సగం మందికి మామూలు పద్ధతిలో, సగం మందికి దానితో పాటు సీటీ కూడా చేశారు. అయిదేళ్లకి, 2018లో లెక్క తీస్తే, గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె జబ్బుతో పోయినవాళ్లు కలిపి మామూలు గుంపులో 3.9 శాతం, సీటీ గుంపులో 2.3 శాతం. తమాషా ఏమిటంటే అయిదేళ్లలో జరిగిన యాంజియోలు, స్టెంట్లు, బైపాస్‌లు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. తేడా బిళ్లల్లో ఉంది. సీటీలో కొవ్వు చూసినవాళ్లకి డాక్టర్లు మందులు ఎక్కువ రాశారు. మా ఇంట్లోనూ అదే జరిగిందనుకోండి. అంతకుముందు కొలెస్ట్రాల్ బిళ్ల రాస్తే కాళ్లు లాగుతాయని రెండు నెలలకి మానేసిన మనిషిని నేను. ఆ బూడిదరంగు ఉబ్బు చూశాక ఒక్క రాత్రి కూడా మానలేదు.

అయితే అన్ని పరిశోధనలూ ఇలాగే తేల్చాయనుకోకండి. అమెరికా, కెనడాల్లో 10,003 మందితో చేసిన ప్రామిస్ అనే దాంట్లో సీటీ గుంపుకీ, టీఎంటీ లాంటి పరీక్షల గుంపుకీ రెండేళ్లకి మరణం, గుండెపోటు లాంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, సీటీ వైపు 3.3 శాతం, రెండో వైపు 3.0 శాతం. రెండేళ్లు తక్కువేమో, నాకనిపించింది చెప్తున్నా. మాకు పెన్ను చేతిలో పెట్టిన ఆసుపత్రి గుర్తొచ్చి నేను ఎక్కువ శ్రద్ధగా చదివింది మాత్రం యూరప్‌ది, డిశ్చార్జ్ అని పేరు, 2022లో వచ్చింది. అందులో 3,561 మందికి ముందు సీటీనా, నేరుగా గొట్టం పెట్టే యాంజియోనా అని చూశారు. గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్ష వల్ల, ఆ వెంట జరిగే స్టెంటు లాంటి పనుల వల్ల వచ్చిన పెద్ద ఇబ్బందులు మాత్రం సీటీ వైపు 0.5 శాతం, యాంజియో వైపు 1.9 శాతం. నాలాంటి మధ్యరకం అనుమానం ఉన్నవాళ్లకి ఇది తెలిస్తే చాలు, సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగొచ్చు.

సీటీకి చేతకానివీ ఉన్నాయి. కాల్షియం బాగా పేరుకున్నవాళ్లకి ఆ తెలుపు విరజిమ్మి పూడికని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి బొమ్మ సరిగా రాదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి రంగు ఎక్కించడానికి ఆలోచిస్తారు. ఇక నా మటుకు అసలు ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. 40 శాతం పూడికకి మెట్ల మీద అంత బరువు రాకూడదు కదా? డాక్టరుగారు దాటవేయలేదు. కండలోకి దిగే వెంట్రుకల్లాంటి నాళాలు సీటీలో కనబడవని, అవి సరిగా విప్పారకపోయినా ఇదే బాధ వస్తుందని, ఆడవాళ్లలో ఇది తరచుగా చూస్తామని చెప్పారు. మెటోప్రొలాల్ దానికే. నాలుగు వారాలైంది, మేడ మీద క్లాసు మానలేదు. బరువు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ నీళ్ల క్యాను మోసినప్పుడు.

రేడియేషన్ గురించి మా చెల్లెలు పదిసార్లు అడిగింది. డోసు కాగితం అడిగి తీసుకోండి, అడిగితేనే ఇస్తారు. నాది 240 అని ఉంది, డీఎల్‌పీ అనే కొలతలో. పాత లెక్క ప్రకారం 0.014తో హెచ్చిస్తే 3.4 మిల్లీసీవర్టులు. గుండెకి 0.026 వాడాలని ఇప్పుడంటున్నారు, అలాగైతే 6 పైచిలుకు. భూమి, ఆకాశం, తిండి నుంచి మనకి మామూలుగా ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4. అంటే ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల వాటా పది సెకన్లలో. అవసరం ఉన్నప్పుడు భయపడాల్సినంత కాదు, ఆఫర్ ఉంది కదా అని ఏటా తీయించుకోవాల్సినంత చిన్నదీ కాదు.

డబ్బు సంగతి. ఫోనులో 8,500. అక్కడికెళ్లాక రంగుకి 1,500 వేరే. నేను తెచ్చిన క్రియాటినిన్ రిపోర్టు పదిహేను రోజుల పాతదని మళ్లీ 250కి చేశారు. సీడీ 200. మొత్తం 10,450. షుగరు బిళ్ల మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపమని కౌంటర్లో చెప్పారు. నా కిడ్నీ బాగుంది కాబట్టి ఆపనక్కర్లేదని తర్వాత మా డాక్టరుగారు అన్నారు. అక్కడ చెప్పిందో, నేను రాసిందో పట్టుకోకుండా మీ డాక్టర్ని అడగండి.

నక్షత్రాలు ఇవ్వమంటే మిషనుకీ, బొమ్మకీ అయిదుకి నాలుగున్నర. సెంటర్‌కి రెండున్నర. ఆ సగం కూడా టెక్నీషియన్ కుర్రాడు మామ్మతో మాట్లాడిన తీరుకి.

రిపోర్టు దిద్దించుకోవడానికి వెళ్లినప్పుడు మేనేజరుతో చెప్పాను, ఆ ఇంగ్లీషు గొంతు తీసేసి తెలుగు పెట్టండి, కావాలంటే నేనే వచ్చి చదువుతాను, ముప్ఫై ఏళ్లుగా క్లాసులో అరిచిన గొంతు, మైకు కూడా అక్కర్లేదు అని. ఆయన నవ్వి నా నంబరు చీటీ మీద రాసుకున్నాడు. ఏం చదవాలో కూడా డైరీలో రాసి పెట్టుకున్నాను. "గాలి గట్టిగా పీల్చండి. అలాగే బిగబట్టండి. కదలకండి. ఇక వదిలేయండి." ఫోను ఇంకా రాలేదు.